అతను అనాల్సిన చోట

వంటింటి బల్ల దగ్గర నుంచి,
వానలు మొదలైన వారం

పిచ్చుకా,

నువ్వు పంపిన మూడు పుస్తకాలూ తడవకుండా చేరాయి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి అంచులు కుట్టినందుకు నీకు మంచి మార్కులే వేశాను. పుస్తకాలకి మాత్రం చూసి వేయాలి.

నలభై ఏడేళ్ల మనిషిని, అంత పెద్ద ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని, ఇంకా పిచ్చుకా అని పిలవడం బాగోలేదని మొన్న మీ అన్నయ్యతో అన్నాను. "దానికి ఆ పేరు పెట్టింది నేను. తీస్తే నేనే తీయాలి. తీయను" అన్నారు. కాబట్టి అదే ఖాయం.

ముందు లిఫ్టులో శవం దొరికే థ్రిల్లర్ సంగతి. మొదటి సగం ఊపిరి తిప్పుకోనివ్వలేదు, ఒప్పుకుంటాను. కూర కూడా మాడింది. కానీ పక్కింటి డాక్టరు మొదటిసారి తలుపు తట్టినప్పుడే నాకు హంతకుడు దొరికిపోయాడు. అందరికంటే మర్యాదగా మాట్లాడేవాడు, అడక్కుండానే సాయం చేసేవాడు ఎవడో చూసుకో, ఈమధ్య వచ్చే థ్రిల్లర్లలో వాడే చంపుతున్నాడు. పైగా నాకు నవల ఇంటి లెక్కలాగా ముగియాలి. మొదటి అధ్యాయంలో పోయిన గొడుగు చివరికి ఎక్కడో ఒకచోట తేలాలి. ఈ రచయిత గొడుగు మాటే మరిచిపోయాడు.

రెండో థ్రిల్లర్ సగంలో ఉంది. మీ అన్నయ్య చివరి పేజీ చదివేసి, భోజనాల దగ్గర నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. పుస్తకాల మాట ఫోనులో వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అన్నది ఇందుకే. ఆయన పక్కన నిలబడి హంతకుడి పేరు చెప్పేస్తారు.

ఇక ప్రేమ నవల. ఆ హీరో ఏ పని చేస్తాడో ఆఖరిదాకా తెలియలేదు. ఎప్పుడు చూసినా కాఫీ కొట్టులో కిటికీ పక్కనే ఉంటాడు. ఆఫీసులో వాడి పని ఎవరు చేస్తున్నారో పాపం. అదీ పోనీ. ఒక అధ్యాయంలో "మీరు చాలా బాగా పాడతారండీ" అంటాడు. తర్వాతి అధ్యాయంలో "నువ్వు లేకుండా నేను ఉండలేను" అంటాడు. మధ్యలో ఆ "మీరు" ఎప్పుడు "నువ్వు" అయింది? ఎవరు ముందు అన్నారు? అన్నాక ఎవరు తల దించుకున్నారు? అదే కదా నాకు కావలసింది. రచయిత్రి దాన్ని రెండు అధ్యాయాల మధ్య తెల్లకాగితంలో పడేసింది. ఇప్పుడు రాస్తున్నవాళ్లందరికీ ఇదే జబ్బు.

నువ్వేం చదువుతున్నావో రాయి. పుస్తకం చదువుతూ తినకు. తిన్న తర్వాత చదువు.

వదిన


ల్యాబు వెనక గది, మధ్యాహ్నం విరామం

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే పక్కన మైక్రోస్కోపు దగ్గరున్నావిడ తలెత్తి చూసింది. ఆ కాఫీ కొట్టు వెధవ నాకూ నచ్చలేదు. వాడికంటే ఆ అమ్మాయి కుక్కే నయం.

నువ్వు నాకు నవలలు అలవాటు చేసిన రోజులు గుర్తొచ్చాయి. ఆ పెళ్లి వదిలేసి ఒక్క సంచితో మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు ఏమీ అడగలేదు. నా దిండు పక్కన ఒక పుస్తకం పెట్టి వెళ్లిపోయావు. పొద్దున "ఎంతవరకు వచ్చింది?" అన్నావు. అంతే. నేను మళ్లీ మాట్లాడటం ఆ పుస్తకం గురించే మొదలుపెట్టాను.

ఇప్పుడు ఒక నవల చదువుతున్నాను. తోటి ఉద్యోగి ఇచ్చింది. అట్ట చిరిగిపోయింది, పేరు తెలియదు. కథ చెబుతాను, నీ తీర్పు కావాలి.

ఒకావిడ ఉంటుంది. నా వయసుదే. ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉంటుంది. ఉన్నట్టుండి కారు నడపడం నేర్చుకోవాలని బుద్ధి పుడుతుంది. నేర్పేది ఒక డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. యాభై దాటింది. భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతురు ఎదిగి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. ఆయన ఎక్కువ మాట్లాడరు. ఆవిడ గేరు తప్పు వేసి బండి కుదుపుకుంటూ ఆగిపోతే, వెనక అందరూ హారన్ కొడుతుంటే, "వాళ్లకి హారన్ ఉంది, కొట్టుకోనివ్వండి. మీరు తీరిగ్గా తీయండి" అంటారు.

నేర్పే బండికి రెండు బ్రేకులు ఉంటాయి తెలుసుగా, ఆయన కాలి దగ్గర ఒకటి. ఒకరోజు మలుపులో సైకిల్ అడ్డం వస్తుంది. అంతవరకు అండీ, గిండీ అనే మనిషి "ఆగు" అంటారు. "ఆగండి" కాదు, "ఆగు". ఆవిడే బ్రేకు వేస్తుంది. చూస్తే ఆయన తన బ్రేకు వేయనేలేదు. ఆ తర్వాత ఇంటిదాకా ఆవిడే నడుపుతుంది. దిగేటప్పుడు ఆయన "ఇందాక నోరు జారాను, ఏమనుకోకండి" అంటారు.

పాఠాలు అయిపోవస్తాయి. "ఇవి అయిపోయాక కూడా మిమ్మల్ని చూడాలంటే ఇంకేం నేర్పాలండీ నేను?" అంటారు ఆయన. ఆ వెంటనే, పెళ్లి చేసుకుంటారా అని సూటిగానే అడుగుతారు. ఆవిడకి ముందొక పెళ్లి చెడిపోయింది. తనే ఏరి కోరి చేసుకున్న పెళ్లి. అందుకని జవాబు చెప్పలేకపోతుంది.

నేను అక్కడ ఆపాను. నువ్వైతే ఆవిడకి ఏం చెబుతావు? నీ జవాబు వచ్చాకే మిగతాది తెరుస్తాను.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి,
వాన తెరిపిచ్చిన పొద్దున

పిచ్చుకా,

నీ నవల కథ రెండుసార్లు చదివాను. నా తీర్పు ఇదిగో.

రచయితకి చేయి తిరిగింది. హారన్ మాట బాగుంది. కానీ ఆ మనిషి అబద్ధం. ఇంత ఓపిక, ఇంత మర్యాద, కోపం రాదు, ఎక్కువ మాట్లాడడు. అటువంటివాణ్ణి నిజంగా ఎక్కడ చూశాం? మొదటి సగంలో ఇంత మంచివాడిగా చూపించారంటే రెండో సగంలో ఏదో ఉంది. ఆ భార్య ఎలా పోయింది? చెప్పలేదు. కూతురు తండ్రి దగ్గర ఎందుకు లేదు? చెప్పలేదు. ఈవిడ మొదటి భర్త గురించి ఒక్క ముక్క ఎందుకు అడగడు? అడిగితే తన సంగతీ చెప్పాల్సి వస్తుందనే కదా. నన్నడిగితే ఇది ప్రేమ నవలలా మొదలై థ్రిల్లర్‌గా తేలుతుంది.

బ్రేకు వేయకపోవడం ఇంకా అన్యాయం. ఇద్దరి ప్రాణాలు తన కాలి కింద పెట్టుకుని ఆటలా? రచయిత దాన్ని గొప్పగా అనుకుని ఉంటాడు. నాకు బాధ్యత లేనితనంలా కనబడింది.

ఆవిడకి నేను చెప్పేది ఒకటే. ఒకసారి తనే ఏరి కోరి దెబ్బ తింది. రెండోసారి అలాంటి పనే చేస్తే పాఠకురాలిగా నాకు జాలి కూడా కలగదు. వద్దని చెప్పి, లైసెన్సు తీసుకుని, హాయిగా ఒంటరిగా బండి నడుపుకోమను. నవల అక్కడ ముగిస్తే నూటికి అరవై వేస్తాను. పెళ్లి చేస్తే ముప్పై.

మిగతా సగం చదివి పంపు. నేను చెప్పింది నిజమో కాదో చూడాలి.

వదిన


ఇంటి నుంచి

వదినా,

నువ్వు చెప్పాక నాకూ అలాగే అనిపించింది. మిగతాది చదవలేదు. ఎవరిది వాళ్లకి ఇచ్చేశాను.

ల్యాబులో పని ఎక్కువగా ఉంది. జ్వరాల కాలం కదా. సాయంత్రానికి కళ్లు లాగేస్తున్నాయి, అందుకని ఈమధ్య ఏమీ చదవడం లేదు. నీ దగ్గరున్న పుస్తకాలు తొందరేం లేదు, ఉంచుకో.

అన్నయ్యకి మోకాలి నొప్పి ఎలా ఉంది?

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి,
బట్టలు ఆరిన రోజు

పిచ్చుకా,

మీ అన్నయ్య మోకాలు బాగానే ఉంది. ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు.

నువ్వు ఇచ్చేశానన్న నవల నాకు కావాల్సి వచ్చింది. తీర్పు చెప్పానే గానీ, ఆ "ఆగు" దగ్గర నా మనసు పట్టుకుపోయింది. నేను ఇన్నాళ్లూ ఏ పుస్తకంలో వెతుకుతున్నానో అది ఆ ఒక్క మాటలో ఉంది. సరే, పేరు తెలియకపోతేనేం, కథ చెబితే దొరక్కపోతుందా అని నీ ఉత్తరం పట్టుకుని బజారులో పుస్తకాల కొట్టుకి వెళ్లాను. అక్కడి ఆవిడ నీకు తెలుసు, కళ్లజోడు తలమీద పెట్టుకుని కళ్లజోడు వెతుక్కునే మనిషి. ఆవిడకి నీ కథ చదివి వినిపించాను. చివరిదాకా విని ఏమందో తెలుసా?

"పెద్దమనిషిలాగే ఉన్నారు కదండీ. మీవాళ్లు ఇంకా ఏం ఆలోచిస్తున్నారు?"

"మావాళ్లేమిటి? ఇది నవల" అన్నాను.

"నవలా? మీరు 'ఆయన, ఆయన' అని చదువుతుంటే మీ ఇంటి సంబంధం అనుకున్నానండీ. ఏమనుకోకండి" అంది.

దారి పొడుగునా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి నీ పాత ఉత్తరాలు తీశాను. ఇన్నేళ్లలో నువ్వు నాకు చెప్పిన నవలల్లో హీరోలందరూ అతనే. నచ్చనివాళ్లు వాడు, మరీ నచ్చనివాళ్లు ఆ వెధవ. దేశాన్ని కాపాడిన పోలీసు అధికారిని కూడా నువ్వు అతను అనే రాశావు. ఈ ఒక్క ఉత్తరంలో, అతను అనాల్సిన ప్రతిచోటా ఆయన. ఒక్కచోట కూడా మరిచిపోలేదు.

నేను నా బతుకులో పేరు చెప్పకుండా ఆయన అన్నది ఒకే ఒక్క మనిషిని. అది ఎలాంటి మాటో నాకు తెలియాలి కదా. రెండుసార్లు చదివి కూడా చూడలేదు. గొడుగు ఎక్కడ పోయిందా అని వెతికే కళ్లు నావి, ఎదురుగా ఉన్నది కనబడలేదు.

పిచ్చుకా, నేను రాసిన తీర్పు ఒక అట్ట చిరిగిన పుస్తకానికి. మనిషి గురించి నేను ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. నువ్వు ఆ తీర్పుతో ఏం చేశావు? దాచకుండా రాయి. మీ అన్నయ్యకి ఏమీ చెప్పలేదు.

వదిన


ల్యాబు వెనక గది.
అందరూ వెళ్లిపోయారు

వదినా,

ఏం చేశానని అడిగావు. వద్దని చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే. బండి ఆపి, తాళం ఆయన చేతికిచ్చి, "మీరు అడిగింది కుదరదండీ" అన్నాను. ఆయన కాసేపు అద్దం సరిచేశారు. తర్వాత "సరేనండీ. పరీక్ష మాత్రం మానకండి. వెనక్కి తీయడం ఒక్కటే మీకు ఇంకా రావాలి" అన్నారు. అప్పట్నుంచి ప్రతి మాటకీ రెండు అండీలు. నాకు అవి వినలేక చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

నవల అని ఎందుకు చెప్పానో అడగలేదు నువ్వు. నేనే చెబుతాను. మొదటిసారి మీరందరూ వద్దంటే కూడా నేనే చూసుకున్నాను, నేనే చేసుకున్నాను. అతను అలాంటివాడని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. అప్పటినుంచి మనుషుల్ని చదవడం నాకు చేతకాదని ఖాయం చేసుకున్నాను. నాకు తెలిసినవాళ్లలో బాగా చదవగలిగేది నువ్వు. నా సంగతి అని చెబితే నన్ను చూసి జాలిపడి మెత్తగా చెబుతావు. నవల అంటే నిజం చెబుతావు. అందుకని.

నువ్వు అడిగినవాటికి జవాబులు కూడా నా దగ్గర ఉన్నాయి. నువ్వు చెప్పలేదన్నవన్నీ నేను కావాలనే రాయలేదు. వాళ్లావిడ కాలేయం జబ్బుతో పోయారు. కూతురు వారం వారం వస్తుంది, నాతో బాగా పోట్లాడుతుంది కూడా, నేను పార్కింగు సరిగ్గా చేయనని. నా మొదటి పెళ్లి గురించి ఆయన అడగకపోవడం కాదు. మొదటి రోజే నేను చెప్పబోతే "ఎడమ అద్దం చూడండి, తర్వాత చెబుదురుగాని" అన్నారు. ఆ తర్వాత నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆయన అంత మంచివాడూ కాదు వదినా. ఈల వేస్తారు, ఏ పాటో ఆయనకే తెలియదు. అద్దాల మీద చేయిపడితే ముఖం మాడ్చుకుంటారు. ఎవరైనా మాట తప్పితే నెలల తరబడి మరిచిపోరు. ఇవన్నీ రాస్తే నీకు నమ్మకం కుదిరేదేమో. నాకు మంచివే రాయాలనిపించింది.

వచ్చే వారం పరీక్ష. ఆ తర్వాత ఆ బండి ఎక్కే పని ఉండదు.

పిచ్చుక


ముందు గది, కిటికీ దగ్గర.
మీ అన్నయ్య నిద్రపోతున్నారు, మధ్యాహ్నపు నిద్ర

పిచ్చుకా,

మనుషుల్ని చదవడం నీకు రాదని ఎవరన్నారు? అప్పుడు నీకు ఇరవై రెండేళ్లు. అతను మంచి పేజీలు మాత్రం తెరిచి చూపించాడు. మిగతావి అంటించి పెట్టాడు. అది చదివినవాళ్ల తప్పా?

నీకొక సంగతి చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి గుండె ఆపరేషన్ చేసిన రోజు, స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే నా నోట్లోంచి "నువ్వు వెళ్లిరా, నేనిక్కడే కూర్చుంటా" అని వచ్చింది. ముప్పై ఏళ్లు మీరు, మీరు అన్నదాన్ని. ఆయన తల తిప్పి నావైపు చూశారు. తలుపు మూసుకుంది. తిరిగొచ్చాక మళ్లీ మీరే. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ అప్పట్నుంచి నేను కూరల సంచి మోసుకొస్తుంటే వీధి చివరిదాకా ఎదురొస్తున్నారు. ఆ ప్రేమ నవల మీద నేను అంత మండిపడింది ఇందుకే. ఆ దాటడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషిని.

"ఆగు" అన్నప్పుడు ఆయన కాలు తన బ్రేకు మీదే ఉండుంటుంది. వేస్తే బండి ఆగేది, నీకు నడపడం వచ్చని నీకు తెలిసేది కాదు. మొదట చదివినప్పుడు నాకిది తోచలేదు.

అయితే ఇప్పుడు నేను "సరే అను, చేసుకో" అని రాయబోవడం లేదు. పుస్తకం మీద తీర్పు చెప్పడం తేలిక. నచ్చకపోతే మూసి అలమరలో పెడతాం. నువ్వు వద్దన్నది నా మాట మీదైతే, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. నీ మాట మీదైతే అది నీది, నేను ముట్టుకోను. రెండింట్లో ఏదో నీకే తెలియాలి. నువ్వు ఏది చేసినా ఈ ఇంట్లో నీ దిండు ఉన్నచోటే ఉంటుంది.

వెనక్కి తీసేటప్పుడు కంగారు పడకు.

వదిన


ఇంటి నుంచి, ఆదివారం

వదినా,

పరీక్ష పాసయ్యాను. వెనక్కి తీసేటప్పుడు ఒక డబ్బా పడగొట్టాను, ఆ అధికారి చూడనట్టు ఊరుకున్నాడు.

బయటికొస్తే ఆయన ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఇంకో పిల్లని పరీక్షకి తీసుకొచ్చానన్నారు. ఆ పిల్ల ఎక్కడా కనబడలేదు.

నీ ఉత్తరం రెండు రోజులుగా నా సంచిలోనే ఉంది. ఎవరి మాట మీద వద్దన్నానో ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన్ని అక్కడ చూడగానే ఆలోచన ఆగిపోయింది.

"మీకు నేను చెప్పిన జవాబు నాది కాదండీ. మా వదినది. ఆవిడ దాన్ని వెనక్కి తీసుకున్నారు" అన్నాను.

"మీ వదిన గారికి నేనేం చేశానండీ?"

"మీరు మరీ మంచివాళ్లట. చివరికి హంతకుడని తేలుతారని అనుకున్నారు."

ఆయన దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. టీ గ్లాసు పట్టుకుని బాగా ఆలోచించారు. "నాకు పొద్దున ఆరింటికే మొదటి బ్యాచ్ అండీ. చంపడానికి తీరికెక్కడ?" అన్నారు.

నేను ఎంత నవ్వానంటే టీ కొట్టతను కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. తర్వాత నవ్వు ఆగి, ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి నాకు మంచినీళ్లు ఇప్పించి, బల్లమీద కూర్చోబెట్టి, తనేమో నిలబడ్డారు. అప్పుడు నా మొదటి పెళ్లి సంగతి చెప్పాను. మొత్తం. ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. అయిపోయాక "ఇంకేమైనా ఉందా?" అన్నారు.

"ఉంది. మళ్లీ అడగండి" అన్నాను.

అడిగారు. ఒప్పుకున్నాను వదినా. నా మాట మీదే.

అన్నయ్యకి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు. ఆయన మీ ఇంటికి రావాలంటున్నారు గానీ, నీ పేరెత్తితే చొక్కా గుండీలు సర్దుకుంటున్నారు. నువ్వు ఒక్క ముక్క రాస్తే ధైర్యం చేస్తారు. డ్రైవింగ్ స్కూలు చిరునామా కింద రాశాను.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి

అన్నయ్య గారికి,

ఈ పిలుపు చూసి కంగారు పడకండి. ఆడపడుచు భర్తని అన్నయ్య అనాలి. పెళ్లి కాకుండా ముందే పిలవడం పద్ధతి కాదని నాకు తెలుసు. పద్ధతి తప్పడం నాకు అలవాటు లేదు, అందుకే ఈ రెండు మాటలు రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. చాలాకాలం కిందట ఒక మనిషిని ఇలా పిలిచాను. మా పిచ్చుక ఆ పెళ్లి వదిలేసి వచ్చాక ఆ పిలుపు ఎవరికీ అక్కర్లేకుండా ఉండిపోయింది.

మా ఆయనకి నిన్న చెప్పాను. పెళ్లి సంగతి విని, "అది కారు నడుపుతోందా?" అని మాత్రం అడిగారు. అవునంటే మళ్లీ అడిగారు. సాయంత్రం వీధిలోకి వెళ్లి, మా గుమ్మం ముందు పక్కింటివాళ్ల స్కూటరు ఉంటే తీయించి, అక్కడ కారు పట్టే చోటు చూసుకుని వచ్చారు. మీరు ఎప్పుడు వస్తారో ఇంకా ఎవరికీ తెలియదు. చోటు మాత్రం ఖాళీగా ఉంది.

కాబట్టి త్వరగా రండి. పక్కింటాయన ఎక్కువ రోజులు ఊరుకునేలా లేరు.

మీ చెల్లెలు